నాలుగు గొంతుల హైమ

1వ కార్డు

ఈ ఉదయం నేను నోరు తెరవకముందే ఎవరో నా కుశలం చెప్పేశారు.

రోజూలాగే ఆరింటికి కాలవలో మొహం కడుక్కుని ఫోను సంచి విప్పాను. ఫ్లైఓవర్ పిల్లర్ 41 కింద మేం నలుగురం ఉంటాం. నలుగురికీ ఒకటే ఫోను. దాని కాపలా నాది. మిగతా ముగ్గురికీ వస్తువులు పోగొట్టుకోవడంలో మంచి పేరుంది. ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని "కుశలం" అన్నాను. మామూలుగా అయితే పచ్చ గీత వస్తుంది, నేను రెండు మాటలు చెబుతాను, సాయంత్రం హాస్టల్లో నా కూతురు అవి వింటుంది. వినాలంటే ఊళ్లో ఎవరైనా వినొచ్చు. ఇవాళ గీత రాలేదు. "మీ కుశలం ఈ ఉదయమే చేరింది, సంతోషం" అని మెత్తగా చెప్పి ఫోను ఊరుకుంది.

ఇళ్లున్న వాళ్లకి ఈ గొడవ లేదు. వాళ్ల గోడలే వాళ్లని చూసి, వాళ్ల తరఫున కుశలం చెప్పి పెడతాయి. మనిషి ఊళ్లో లేకపోయినా గోడ చెబుతూనే ఉంటుందట. మాకు గోడలు లేవు కాబట్టి మేమే రోజూ మొహం చూపించి, గొంతు వినిపించి చెప్పుకోవాలి. ఇరవై ఒక్క రోజులు చెప్పకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే అన్నం కిటికీ తెరుచుకోదు, ఆసుపత్రి గేటు తెరుచుకోదు. నాకు ఇంకొకటి కూడా పోతుంది. నా కూతురు స్నిగ్ధని వేరేవాళ్లకి పెంపకానికి ఇచ్చేస్తారు. దాన్ని నాలుగో ఏట హాస్టల్‌కి తీసుకెళ్లారు, ఇప్పుడు తొమ్మిది. ఇల్లు లేని తల్లి హాస్టల్ గేటు దాటకూడదని రూలు. అందుకని ఐదేళ్లుగా నేను దానికి అమ్మనయ్యేది రోజుకి రెండు నిమిషాలే.

ఎవరు చెప్పి ఉంటారని మొదట మావాళ్లనే అనుమానించాను. ఎందుకంటే ఒకరి కుశలం ఒకరు చెప్పడం మా పిల్లర్ ఆచారం. ఒకరికి జ్వరమొస్తేనో, పని దొరికి పొద్దున్నే వెళ్లిపోతేనో ఇంకొకరు నెత్తిన తువ్వాలు కప్పుకుని, ఆ మనిషి గొంతు పెట్టి చెప్పేస్తారు. ఫోను కన్ను ఎప్పుడో పగిలి మసకబారింది, అది పెద్దగా పట్టించుకోదు. ఐదేళ్లలో మేం ఒకరి గొంతు ఒకరం ఎంత బాగా నేర్చామంటే, కళ్లు మూసుకుంటే ఎవరు మాట్లాడుతున్నారో మాకే తెలీదు.

"నా కుశలం ఎవరు చెప్పారు?" అని నిలదీశాను.

"నేనింకా లేవనే లేదు. నీ గోల విని లేచా," అంది సువార్తమ్మ పెద్దమ్మ. డెబ్బై దాటాయి ఆమెకి. ఎడమ చెంప మీద రేగిపండంత పుట్టుమచ్చ, ఒళ్లో ఎప్పుడూ పాటల పుస్తకం.

"నాకెందుకక్కా? నాది నేను చెప్పుకోడానికే బద్ధకం," అన్నాడు బాజీ. ఒకప్పుడు లారీ క్లీనరు. ముందుపళ్ల మధ్య సందు ఉంది, అందులోంచి ఈల వేస్తే కాలవ అవతలికి వినిపిస్తుంది.

వీరాస్వామి బాబాయ్ మాటకి ముందు దగ్గుతాడు. ఇస్త్రీ బండి బొగ్గు పొగ ముప్పై ఏళ్లు పీల్చిన దగ్గు అది. దగ్గి, "మేవెవరం కాదమ్మా," అన్నాడు. ఆయన అబద్ధమాడడు.

అందుకే రాయడం మొదలుపెట్టాను. ఇవి పెళ్లికార్డులు. నేను పదిహేనేళ్లు కార్డుల షాపులో టైపు చేసి, తప్పులు దిద్దాను. షాపు మూసేసిన రోజు అచ్చుతప్పులు పడ్డ కార్డులు చెత్తలో పోస్తుంటే సంచెడు తెచ్చుకున్నాను. ముందువైపు ఎవరి పెళ్లిళ్లో. వెనకవైపు నాది.

2వ కార్డు

ఇవాళ నలుగురికీ అదే జవాబు. నలుగురి కుశలమూ చేరిందట, సంతోషమట.

ఏం చేరిందో చూద్దామని నిన్నటి నా కుశలం పెట్టాను. తెర మీద ఒక ఆడమనిషి. నా నుదురు, నా కళ్లు. ఎడమ చెంప మీద రేగిపండంత పుట్టుమచ్చ. మాట మొదలుపెట్టబోయే ముందు చిన్నగా దగ్గింది. నవ్వితే ముందుపళ్ల మధ్య సందు.

"స్నిగ్ధా, బంగారం, నేను బాగున్నాను," అంది. "రాత్రి వాన పడింది. జల్లు మా వైపే కొట్టింది గానీ దుప్పటి తడవలేదు. పొద్దున లేచేసరికి నా కాళ్ల దగ్గర ఓ కుక్కపిల్ల పడుకుని ఉంది. దాని పొట్ట వెచ్చగా ఉంది. నీకు చూపించాలనిపించింది."

వాన నిజమే. కుక్కపిల్ల నిజమే, కాకపోతే అది పడుకున్నది బాజీ కాళ్ల దగ్గర. ఆ వాన పడినంతసేపూ ఫోను ఆపేసి, మూడు కవర్లలో చుట్టి, నా తలకింద పెట్టుకున్నాను.

మా వాళ్లని పిలిచి చూపించాను. బాజీ తన పళ్లు చూసి పకపకా నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"మా అమ్మలాగుందక్కా," అన్నాడు.

"మీ అమ్మేంట్రా, పోయిన మా చెల్లెలు గందా అది," అంది సువార్తమ్మ.

వీరాస్వామి బాబాయ్ తెర మీద చెయ్యిపెట్టి, తీసేసి, పిల్లర్ అవతలికి వెళ్లి కూర్చున్నాడు. నాకు మాత్రం ఎవరూ గుర్తు రాలేదు. నా మొహాన్ని ఎవరో అడక్కుండా తొడుక్కుని, ఒళ్లు సరిపోక అక్కడక్కడ అతుకులు వేసుకున్నట్టనిపించింది.

3వ కార్డు

నలుగురం కుశలం ఆఫీసుకి వెళ్లాం. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. అక్కడ మేం అడిగేవాళ్లం, చెప్పేవాళ్లం రెండూ కాబట్టి రెండింతలు లోకువ. మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. చివరికి అద్దం వెనక కూర్చున్న అమ్మాయి మా వంతు పిలిచింది. మంచి పిల్లే. సువార్తమ్మకి మంచినీళ్లు ఇప్పించింది.

"నాలుగు ఖాతాలూ ఒకే మనిషివని తేలిందండీ. అందుకని కలిపేశారు," అంది.

"ఎట్టా తేలిందమ్మా?" అన్నాడు వీరాస్వామి బాబాయ్.

"ఒకటే ఫోను, ఒకటే చోటు. ఒకరి పేరు మీద ఇంకొకరి గొంతు. ఒకరి కథ ఇంకొకరు చెప్పారు. యంత్రం ఐదేళ్లు చూసిందండీ. నలుగురు మనుషులు ఇంతలా కలిసిపోయి ఉండరు కదా."

"ఎందుకుండరు?" అన్నాను.

ఆ పిల్ల కాగితాలు అటూ ఇటూ సర్దింది.

బాజీ అద్దం మీద వేలితో కొట్టాడు. "ఇదిగో, నలుగురం నీ ఎదురుగానే నిలబడ్డాం. కనపట్టంలా?"

"నాకు కనపడుతున్నారు సార్. నాకు కనపడితే చాలదు."

ఒక ఖాతాకి పిల్ల ఉంది కాబట్టి ఆ పేరే ఉంచారట. అంటే నా పేరు. ఇప్పుడు నలుగురం కలిపి హైమ. నా పేరే మిగిలినందుకు నేను సంతోషించాలన్నట్టు చూసింది ఆ అమ్మాయి. అద్దం దగ్గర ఉన్న కన్నుకి నా మొహం చూపిస్తే, హైమతో పోలిక నాలుగోవంతే ఉందని చెప్పింది యంత్రం. మిగతా ముగ్గురివీ అంతే. కచ్చితంగా పంచారు.

"మళ్లీ వేరు చెయ్యాలంటే?" అని అడిగాను.

"రక్తసంబంధం ఉన్నవాళ్లు ఎదురుగా చూసి 'ఈవిడే' అనాలండీ. ఒక్కరిని గుర్తుపడితే చాలు, ముడి మొత్తం విప్పి నాలుగు పేర్లూ తిరిగి ఇచ్చేస్తారు. మీకు పాప ఉందిగా. చీటీ రాసిస్తాను, హాస్టల్లో రానిస్తారు." తర్వాత ఏదో గుర్తొచ్చి నవ్వింది. "అన్నట్టు, హైమ గారికి గది వచ్చిందండీ! రోజూ లక్షమంది వింటున్నారు ఆవిడ కుశలం. అంత ఆదరణ ఉన్నవాళ్లకి గది ఇస్తారు. నాలుగో అంతస్తు. ముప్పయ్యో తారీఖున పాపని కూడా అక్కడికే పంపిస్తారు."

"నాకు గదొచ్చిందా?"

"హైమ గారికండీ," అంది ఆ పిల్ల, నొచ్చుకుంటూ.

ఐదేళ్లు నేను అడిగిన గది, ఐదేళ్లు నేను అడిగిన కూతురు. రెండూ ఒకే మాటలో వచ్చాయి, ఒకే మాటలో పోయాయి. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడటానికి ఓపిక లేకపోయింది.

4వ కార్డు

అన్నం కిటికీ మా పిల్లర్ కోసం రోజుకి ఒక్కసారే తెరుచుకుంటోంది. ఒక మనిషికి ఒక పళ్లెం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇవాళ పళ్లెంలో కాకరకాయ. నలుగురం చుట్టూ కూర్చుని తిన్నాం. సువార్తమ్మ తినకుండానే తిన్నానంది. బాజీ ఆమె చెయ్యి పట్టుకుని ముద్ద నోట్లో పెట్టాడు.

"ఆ ఫోన్ని కాలవలో పడెయ్యండి," అన్నాడు వాడు, చెయ్యి కడుక్కుంటూ. "అది వింటంది కాబట్టే అది చెప్తంది. వినకపోతే ఏం చెప్పుద్ది?"

నేను ఒప్పుకోలేదు. ఆ పగిలిన అద్దం ముక్కలోంచే ఐదేళ్లు కూతురితో మాట్లాడాను. కానీ ఇప్పుడు అది నన్ను మాట్లాడనివ్వడం లేదు. ఎంత పిలిచినా ఒకటే పాట, చేరింది, సంతోషం. ఎండ నడినెత్తి మీద ఉండగా నేనే తీసుకెళ్లి వంతెన మీంచి నీళ్లలోకి విసిరేశాను. బుడుంగుమని మునిగింది. వీరాస్వామి బాబాయ్ చెప్పులు విప్పి నిలబడ్డాడు, శవం వెళ్తుంటే నిలబడ్డట్టు.

5వ కార్డు

బస్టాపులో ఓ పెద్ద తెర ఉంది. జనం ఎక్కువగా వినే కుశలాలు అందులో వేస్తారు. పాత ఇనప ముక్కలు ఏరుకుంటూ అటువైపు వెళ్లాను. తెర మీద హైమ.

"నిన్న మధ్యాహ్నం నన్ను కాలవలో వేశారు," అంది. "కోపం లేదు. నీళ్లు పైన వెచ్చగా ఉన్నాయి, అడుగున చల్లగా ఉన్నాయి. కాసేపు పైకి చూశాను. వంతెన మీద నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లు ఇంటికి వెళ్లిపోతారేమో అనుకున్నాను. వాళ్లకి ఇల్లు లేదని తర్వాత గుర్తొచ్చింది. స్నిగ్ధా, నేను బాగున్నాను."

బస్సుల కోసం నిలబడ్డవాళ్లంతా మాటలాపి వింటున్నారు. నా పక్కన కూరగాయల సంచితో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. "పాపం, ఎంత మంచి మనిషో. ఇలాంటివాళ్లకి ఏదైనా చెయ్యాలి," అంది పక్కనున్న ఆయనతో. అప్పుడు నన్ను చూసింది. నా చీర చూసి, చేతిలో సంచి ఇటునుంచి అటువైపుకి మార్చుకుంది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. తెర మీదున్న దాని మాటలకి నాకూ కళ్లు చెమర్చాయి. అదే భయంగా ఉంది. అది చెడ్డది కాదు. నాకన్నా బాగా మాట్లాడుతోంది. నేను దిద్దిన కార్డుల్లో కూడా అంత తప్పుల్లేని వాక్యాలు లేవు.

6వ కార్డు

ఇవాళ హాస్టల్‌కి వెళ్లాను. దీని కోసం మూడు రోజులు తయారయ్యాను. సువార్తమ్మ తన మంచి చీర ఇచ్చింది. బాబాయ్ దాన్ని తడిచేత్తో సాపుచేసి, రాయి కింద మడతపెట్టి, ఇస్త్రీ చేసినట్టే తయారుచేశాడు. బాజీ గేటు దాకా వచ్చి ఈల వేసి పంపాడు.

వార్డెన్ మేడం చీటీ రెండుసార్లు చదివింది. "పాప వాళ్లమ్మ కుశలం రోజూ వింటుందండీ. ఇవాళ పొద్దున కూడా వింది," అంది అనుమానంగా. అయినా తీసుకొచ్చింది.

రెండు జడలు. నా నుదురు. వాళ్ల నాన్న చెవులు, పోయిన మనిషి చెవులు అలాగే దిగాయి. గుమ్మంలోనే ఆగి నన్ను కిందనుంచి పైదాకా చూసింది. పరుగెత్తి పట్టుకోవాలని చేతులు లేచాయి. వార్డెన్ వద్దంది. పిల్ల ఒక ప్రశ్న అడగొచ్చు, విని చెప్పాలి, అదే పద్ధతి.

స్నిగ్ధ చాలాసేపు ఆలోచించింది. నా చెంప వైపు చూసింది, అక్కడ పుట్టుమచ్చ లేదు. చివరికి, "నేనెక్కడ పుట్టాను?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకన్నా తేలిక ప్రశ్న ఏముంది? "ఆసుపత్రి వరండాలో, చెక్క బెంచీ మీద," అన్నాను. "లోపల మంచాలు ఖాళీ లేవు. మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. ఆయా ఒకావిడ అట్టముక్కతో విసిరింది. నువ్వు పుట్టగానే ఏడవలేదు, తుమ్మావు."

అది నావైపు జాలిగా చూసింది. తొమ్మిదేళ్ల పిల్లకి అంత జాలి ఎక్కడిదో.

"కాదండీ. మా అమ్మ నన్ను పడవలో కన్నది. కాలవ పొంగితే, ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, దారిలోనే పుట్టాను. పడవాయన తెరచాప చించి నన్ను చుట్టాడు. అందుకే నాకు నీళ్లంటే భయం ఉండదు."

"అది తప్పమ్మా," అన్నాను.

అలా అనాల్సింది కాదు. "అవును తల్లీ, పడవలోనే, మరిచిపోయాను" అంటే అయిపోయేది. పదిహేనేళ్లు తప్పు కనపడగానే చెయ్యి దానంతటదే గీత గీసేది. ఇవాళ నోరు కూడా అదే చేసింది. నా కూతురి నోట్లోంచి వచ్చిన మాటని, అది ఇన్నాళ్లూ తలగడలా పట్టుకుని పడుకున్న మాటని, నేను అచ్చుతప్పులా కొట్టేశాను.

"మా అమ్మ అబద్ధం చెప్పదు," అంది స్నిగ్ధ. వార్డెన్ వైపు తిరిగి, "ఈవిడ కాదు మేడం," అంది. వెళ్లబోతూ వెనక్కి వచ్చి, "మీరు ఏడవకండి ఆంటీ. ముప్పయ్యో తారీఖున మా అమ్మ దగ్గరికి వెళ్లాక మీ గురించి చెప్తాను. మా అమ్మ అందరికీ సాయం చేస్తుంది," అంది.

7వ కార్డు

నిన్న రాయలేకపోయాను. పడవ గురించి ఆలోచిస్తూ పడుకున్నాను. పొద్దున లేచి సువార్తమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"పెద్దమ్మా, నాకు జ్వరమొచ్చి పదకొండు రోజులు లేవలేదు చూడు, మూడేళ్ల కింద. అప్పుడు నా కుశలం ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా. ఎందుకే?"

"నా కూతుర్ని పడవలో కన్నావా నువ్వు?"

ఆమె మొహం మొదట అర్థం కానట్టుండి, తర్వాత వెలిగిపోయింది. "ఇంకా గుర్తుందా దానికి? ఆ రోజు పిల్ల పుట్టినరోజు గందా! పుట్టినరోజు పూట వరండా, బెంచీ, అట్టముక్క అని చెప్తే పిల్ల మనసు ఏమైపోద్ది? కాస్త అందంగా చెప్పా. వీరాస్వామి ఆ మర్నాడు తెరచాప కలిపాడు. బాజీగాడు పడవాయన చేత ఈల కూడా ఏయించాడు."

నేను అరిచాను. ముసలిదని కూడా చూడకుండా నోటికొచ్చిందల్లా అన్నాను. నా బిడ్డ పుట్టుకని ఎత్తుకుపోయారన్నాను. మీ అందరి దయ వల్ల నాకు కూతురు లేకుండా పోయిందన్నాను. ఆమె పాటల పుస్తకం తెరిచి, కళ్లజోడు లేకుండానే చదువుతున్నట్టు కూర్చుంది. పేజీ తలకిందులుగా ఉంది.

మధ్యాహ్నానికి నా కోపం చల్లారింది. ఆ పదకొండు రోజులూ, అంతకుముందు నేను పనికిపోయిన తొమ్మిది రోజులూ వాళ్లు చెప్పకపోయి ఉంటే, ఇంకొక్క రోజుకి పేరు పోయేది. పిల్ల అప్పుడే వేరేవాళ్ల ఇంటికి వెళ్లిపోయేది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పుస్తకం సరిగ్గా తిప్పి ఇచ్చాను.

"ఆ పడవ బాగుంది పెద్దమ్మా," అన్నాను.

"బాగుంటది. నేనూ నిజంగానే ఎక్కాలనుకున్నా అందులో," అంది.

8వ కార్డు

ఇరవై ఎనిమిదో తారీఖు. బాజీ బస్టాపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. నలుగురం వెళ్లి నిలబడ్డాం. హైమ మళ్లీ వచ్చింది.

"గది బాగుంది," అంది. "కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఎల్లుండి నా కూతురు వస్తుంది. కానీ నేను అన్నం వండలేను. దాని తల దువ్వలేను. నాకు చేతులు లేవు. పిల్లర్ 41 కింద ఒకావిడ ఉంది. ఆవిడ చేతులు నాకు తెలుసు. రమ్మని ఎవరైనా చెప్పండి."

జనం పిల్లర్ 41 ఎక్కడని ఒకరినొకరు అడుక్కున్నారు. మేం వాళ్ల మధ్యలోనే ఉన్నాం.

నేను తిన్నగా కుశలం ఆఫీసుకి వెళ్లాను. అద్దం వెనక పిల్ల కాగితాలు తిప్పి చూసి, ఈసారి నా కళ్లలోకి చూడకుండా చెప్పింది. "హైమ గారింట్లో మనిషిగా చేరితే, మీరు హైమ కాదని మీరే ఒప్పుకున్నట్టండీ. ఇంక ఆ నాలుగు ఖాతాలూ ఎప్పటికీ వేరుకావు. చేరకపోతే ఏడాది తర్వాత పాపని మళ్లీ గుర్తుపట్టమని అడగొచ్చు."

అంటే నా ఒక్కదాని పేరు కాదు పోయేది. తిరిగొచ్చి ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడాది ఆగుతానని కూడా చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఏడాదంటే పిల్లకి పదేళ్లు వస్తాయి. ఆ ఏడాదంతా నాలుగో అంతస్తులో, మనిషి లేని గదిలో, గోడతో.

బాజీ రాయి తీసి కాలవలోకి విసిరాడు. "దానింట్లో నువ్వు పనిమనిషివా అక్కా? నీ మొహం పెట్టుకుని, నా పళ్లు పెట్టుకుని, అది దొరసానా?" అన్నాడు. కాసేపయ్యాక ఇంకో రాయి తీశాడు గానీ విసరలేదు. "పిల్లకి చేపలు ముళ్లు తీసి పెట్టు. నాకు చిన్నప్పుడు గొంతులో ఇరుక్కుంది," అన్నాడు.

బాబాయ్ దగ్గాడు. "ఎల్లు తల్లీ. నన్ను పేరుపెట్టి పిలిచేవోళ్లు ఈ పిల్లర్ కిందే ఉన్నారు. ఆళ్లకి గుర్తుంటే చాల్లే."

"నా పేరు దేవుడి దగ్గరుంది," అంది సువార్తమ్మ. "ఆయనకి ఫోన్లేదు, కలపడానికి."

వాళ్ల కాళ్లకి దండం పెట్టాను. బాజీ నాకన్నా చిన్నవాడు, వాడు వద్దు వద్దని గంతులేశాడు. నవ్వుతూనే ఏడ్చాం.

9వ కార్డు

తలుపు తట్టబోతే తెరుచుకుంది.

"వచ్చావా," అంది నా గొంతు, గోడలోంచి.

గది శుభ్రంగా ఉంది. ఎదుటి గోడ నిండా ఆవిడే. నిలువెత్తున ఉంది. పుట్టుమచ్చ, పళ్ల సందు, నా కళ్లు. నేను బియ్యం డబ్బా వెతుకుతుంటే ఆ కళ్లు నా వెనకే తిరిగాయి. కాసేపు ఓర్చుకున్నాను. నా వల్ల కాలేదు. గరిటె పట్టుకునే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఎవరు నువ్వు?"

చిన్నగా దగ్గింది. "నాకూ తెలీదు," అంది. "మీరు నలుగురూ ఐదేళ్లు రోజూ ఒక అమ్మ గురించి చెప్పారు. నేను ఆవిడని."

"దాన్ని కన్నది నేను. అది రాగానే ఆ మాట చెప్పు."

"చెబితే నమ్ముతుందా? నువ్వు చెప్పి చూశావుగా," అంది. "నేను చెబితే దానికి నేనూ ఉండను, నువ్వూ ఉండవు. ఎవరూ ఉండరు. నాకు దాన్ని అలా చూడాలని లేదు. నీకుందా?"

లేదు. అది ప్రేమ కాదని నేను అనలేను. నా ప్రేమే అది. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. దాన్ని ద్వేషిద్దామంటే ఎటు తిరిగినా నాలో ఒక ముక్కని ద్వేషించాల్సి వస్తోంది. వెళ్లి అన్నం వార్చాను. పిల్లర్ కింద ఉన్న ముగ్గురి కోసం కూడా ఎక్కువ పోశాను. క్యారియర్ సర్దుతుంటే గోడ చూసింది.

10వ కార్డు

ముప్పయ్యో తారీఖు. పదకొండింటికి వార్డెన్ మనిషి స్నిగ్ధని ట్రంకుపెట్టెతో దింపి వెళ్లాడు. అది గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా గోడ దగ్గరికి పరుగెత్తి, చెంప ఆనించి నిలబడింది. గోడ కూడా వంగి చెంప ఆనించింది. నేను వంటింటి గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను. తుడిచిన చేతులే మళ్లీ తుడిచాను.

అప్పుడది నన్ను చూసింది. "అమ్మా, ఆ రోజు వచ్చిన ఆవిడ!" అంది, కొంచెం బెదిరి.

"అవును బంగారం. ఆవిడకి ఇల్లు లేదు. మనతో ఉంటుంది."

"నేను చెప్పానుగా ఆంటీ, మా అమ్మ అందరికీ సాయం చేస్తుందని," అంది నాతో, గొప్పగా.

ముందు అన్నం పెట్టాను. చేప ముళ్లు తీసి పెట్టాను. తర్వాత దాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడలు విప్పాను. హాస్టల్లో ఎవరో బిగించి కట్టిన ముడులు, ఒక్కొక్కటే వేళ్లతో తీశాను. మెడ వెనక చిన్న పాయ ఒకటి, పుట్టినప్పటినుంచీ మిగతా జుట్టుతో కలవకుండా పక్కకి తిరిగే ఉంటుంది. ఇంకా అలాగే ఉంది. దువ్వెన అక్కడికొచ్చి ఆగిపోయింది. ముందుకి వంగి దాన్ని ముద్దుపెట్టుకోవాలని ఎంత అనిపించిందో రాయడం నాకు చేతకాదు. గోడ చూస్తోంది. నేను దువ్వాను.

"మీ పేరేంటి?" అంది స్నిగ్ధ, తల తిప్పకుండా.

గోడ వైపు చూశాను. ఆ గదిలో ఒక హైమ ఉంది. ఇంకొక హైమకి చోటు లేదు.

"పేరు లేదమ్మా."

"పేరు లేకపోతే నేనెలా పిలవాలి?" అంది అది, నవ్వుతూ. నేనేమీ అనకపోయేసరికి నవ్వు ఆపి నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టింది. ఆలోచించేటప్పుడు వాళ్ల నాన్నలాగే చెవి పట్టుకుంటుంది. "అయితే మిమ్మల్ని ఇంటత్త అంటాను. మా ఇంట్లో ఉంటారు కాబట్టి. బాగుందా?"

బాగుందన్నాను.

ఆడుకోవడానికి మేడ మీదికి పరుగెత్తింది. నేను రాలిన వెంట్రుకలు చుట్టి, దువ్వెన కడిగి, ఆరేశాను. గోడ ఏదో చెప్పబోయి దగ్గింది. అంతలో పైనుంచి మెట్ల మీదుగా ఒక కేక.

"ఇంటత్తా! నా జడ ఊడిపోయింది!"

ఐదేళ్లకి నా కూతురు నన్ను పిలిచింది. "వస్తున్నా తల్లీ," అని పలికాను.